వరాలక్క గది

రోహిణి కార్తె మొదట్లో

ప్రతి ఇంటివాళ్ళూ చిట్టా రాయాలని మా ఇళ్ళ వరుస పెద్ద మళ్ళీ మైకులో అరిచాడు. ఏటా వరదకు ముందు ఇదే గోల. ఇంట్లో ఎవరుంటున్నారు, ఏ గది వాడుతున్నారు, ఇల్లు ఎలా మసులుతోంది, అన్నీ రాసిపెట్టాలట. ఇంటికి తెలియనిది నాకేం తెలుసు? అడుగు పడగానే అది ఎవరి అడుగో నేలకు తెలిసిపోతుంది. అయినా రాస్తాను. పలకరించే మనిషి లేనప్పుడు కాగితమైతేనేం, కాకైతేనేం.

ఈ ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను, అంటే కనకరత్నం, నా తోడికోడలు వరాలమ్మ. మా మగవాళ్ళు అన్నదమ్ములు. ఒకే పడవలో వెళ్ళి ఒకే తుఫానులో పోయారు. తోడికోడళ్ళు ఒక కప్పు కింద ఏడాది కూడా నిలవరని అప్పట్లో లంకంతా పందేలు కాసింది. మేం రోజూ పోట్లాడుకుంటూనే జుట్లు నెరిసేదాకా నిలిచి చూపించాం.

వరాలక్కకు ఎడమ తుంటి అరిగిపోయింది. వేసవి మొదట్లో మెట్ట మీది ఆసుపత్రికి వెళ్ళింది. కొత్త తుంటి వేశారు. అక్కడే తన చెల్లెలి కూతురింట్లో కోలుకుంటోంది. కాస్త నడక రాగానే ఇంటికి వస్తుందని నా ఆశ.

ఈ పొద్దున్న ఆమె గది ఊడవబోతే గుమ్మం నా భుజాలకు రాసుకుంది. నిన్నటిదాకా ఇలా లేదు. గది మూసుకోవడం మొదలుపెట్టింది.

గోదావరి ఏటా మా లంకను ఒక పక్క కోసుకుపోతుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. మా ఇళ్ళు కాళ్ళెత్తుకుని, ఒకదాని వెనక ఒకటి, కొత్త మేట మీదికి నడుస్తాయి. నడిచే ఇల్లు అక్కర్లేని బరువు మొయ్యదు. మనిషి మసలని గదికి ముందు గుమ్మం ఇరుకవుతుంది. తర్వాత కిటికీ మూసుకుంటుంది. ఎర్రనీరు వచ్చి ఇల్లు కదిలే రోజున బల్లి తోక వదిలినట్టు ఆ గదిని అక్కడే వదిలేస్తుంది. ఊరెళ్ళి తిరిగొచ్చిన మనిషికైనా సరే, పడుకోవడానికి గది లేకపోతే లంకలో దిగనివ్వకూడదని మా వరుస కట్టుబాటు. కాబట్టి గది పోతే వరాలక్క కూడా పోయినట్టే.

ఆమె రాకపోతే నేనెలా ఉంటానో నాకు తెలియదు. ఇది రాస్తూ కూర్చుని అన్నం మాడబెట్టాను.

రోహిణి కార్తె చివర్లో

రోళ్ళు పగిలే ఎండ. ఆ గది కిటికీ సగానికి వచ్చింది.

ఇలాంటప్పుడు మిగతా ఇళ్ళవాళ్ళు బరువు పేరంటం పెట్టుకుంటారు. మనిషి ఊరెళ్ళిన గదిలోకి ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా వచ్చి కూర్చుంటారు, కాళ్ళు చాపుకుంటారు, పడక మీద దొర్లుతారు, ఊళ్ళో కబుర్లన్నీ అక్కడే చెప్పుకుంటారు. గది ఖాళీ కాలేదని ఇల్లు నమ్ముతుంది. వెళ్ళేటప్పుడు గుగ్గిళ్ళూ తాంబూలమూ ఇస్తారు. దీనికి ముత్తైదువ, విధవ అన్న తేడా లేదు. బరువున్న ప్రతి మనిషికీ పిలుపుంటుంది.

నేను ఎవరింటికీ ఎప్పుడూ వెళ్ళలేదు. "గుగ్గిళ్ళ కోసం గుంపులు" అని వెక్కిరించేదాన్ని. అక్క మాత్రం కుంటుకుంటూ అన్నిటికీ వెళ్ళేది. ఇప్పుడు నేను గుమ్మం గుమ్మం తిరిగి పిలవాలంటే నాలుక మడతపడిపోతోంది. పిలిస్తే రారేమోనన్న భయం వేరే ఉంది.

అందుకని తెలివిగా ఒక పని చేశాను. లంకలో ఇసుకకు కరువా? రెండు బస్తాలు నింపి, ఆమె బరువుకు సరిపడా మంచం మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కూడా కప్పాను.

మూడో పూట చూద్దును కదా, కిటికీ పూర్తిగా బిగుసుకుపోయింది. గది చల్లబడి, గాలి పొడిగా మారింది. ఎలుకలు దూరకుండా గుమ్మానికి అడ్డంగా జానెడు గట్టు లేచింది. కదలని బరువు కదా, ఇల్లు దాన్ని ధాన్యమనుకుంది. వరాలక్క గదిని గాదె చేసి పెట్టింది! ఆ గట్టు తన్నుకుని బోర్లాపడ్డాను. పడి, అక్కడే కూర్చుని చాలాసేపు నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావని అడగడానికి ఎవరూ రాలేదు.

మృగశిర కార్తె

ముంగిళ్ళు చల్లబడ్డాయి. బస్తాలు పారబోసి నేనే ఆ గదిలోకి మారాను. గది ఊపిరి తీసుకుంది. గట్టు అణిగింది, కిటికీ తెరుచుకుంది, గుమ్మం వెడల్పయింది. ఇంత తేలికైన ఉపాయానికి ఇసుక మోసి నడుం విరగ్గొట్టుకున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. అక్క పొట్టి మనిషి. ఆ కిటికీ నేల మీద కూర్చుంటే కంటికి ఆనేంత కిందికి ఉండేది. రొయ్యలు వలుస్తూ ఏటికేసి చూసేది. నేను వెదురుబొంగులా పొడుగు, కింద కూర్చోను. కిటికీ నాకోసం రోజూ కాస్త పైకి జరుగుతోంది. మంచం నా కాళ్ళ పొడుగుకు సాగింది. గోడలో ఆమె వీపు ఆనిన చోట ఉండే గుంట పూడిపోయింది. దాని మీద చెయ్యి పెట్టి తడిమితే నున్నగా తగిలింది.

నేను లేకపోతే గది పోతుంది. నేనుంటే గది నిలుస్తుంది గాని ఆమెది కాకుండా పోతుంది.

ఇక మిగిలిన దారి ఒకటే. ఆ గదిలో నేను వరాలమ్మనవ్వాలి. తెల్లవారకముందే లేస్తున్నాను. పొట్టి పొట్టి అడుగులు వేస్తున్నాను. ఎడమ కాలు ఈడుస్తున్నాను. గోడకు చేరగిలబడి కింద కూర్చుని రొయ్యలు వలుస్తున్నాను. రొయ్య రొయ్యకీ ఒక తిట్టు తిట్టేది ఆవిడ, అదీ తిడుతున్నాను. ఎవరైనా చూస్తే పూనకం అనుకుంటారు. కిటికీ దిగుతోంది, గుంట మళ్ళీ పడుతోంది. ఇల్లు నమ్మింది. ఒక్కోసారి నాకూ నమ్మకం కలిగి, కూర బాగుందా అని గట్టిగా అడుగుతున్నాను.

ఆరుద్ర కార్తె

అదను వాన పడింది. నా తుంటి నొప్పి పుడుతోంది.

ఇది అక్క నడక వల్ల వచ్చిన నొప్పి. ఆమె గదిలోంచి వంటగదికి ఎగుడు మెట్లున్నాయి. వంటగది ఎత్తుగా ఉంటే గాలి వస్తుందని ఇంటికి అలవాటు చేసింది నేనే, నా కాళ్ళకు తగ్గట్టు. నా అడుగులకు అవి మెట్లే కావు. పొట్టి అడుగులు వేస్తూ, ఒక కాలు ఈడుస్తూ ఎక్కితే తెలిసింది. రెండో మెట్టు మీద ఆగాలి. చెయ్యి ఆనించాలి. పళ్ళు బిగించాలి. రోజుకు పదిసార్లు ఆమె అది ఎక్కింది. "ఏంటక్కా నత్తనడక" అని నేను పైనుంచి అరిచేదాన్ని. ఆమె ఒక్కనాడూ నొప్పి అనలేదు. ఉక్కపోతకు నేను ఓర్వలేనని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం ఫోను చేసింది.

"ఏం చేత్తన్నావే రత్నం?"

"ఏముందక్కా, రొయ్యలు వలుత్తన్నాను."

"నువ్వా? రొయ్యలా? గోదారి ఎనక్కి పారతందా?"

నేను అసలు సంగతి చెప్పలేదు. నడక ఎలా ఉందని అడిగాను.

"బాగానే ఉందే. కొత్త కాలు కదా, కిందికి కూకోవద్దంటన్నాడు డాక్టరు. మెట్లెక్కొద్దంట, ఏటవాలు నేల మీద అసలే తిరగొద్దంట. ఇక్కడ నేల కదలదే. పొద్దున్న లేచి చూత్తే నిన్న ఎక్కడుందో అక్కడే ఉంటది. మొదట్లో నిద్దరట్టలేదు గాని, ఇప్పుడు అలవాటయ్యింది."

"అయితే అక్కడే బాగుందన్నమాట."

"బాగుందనే అంటారు మరి. నేనొచ్చినా నీకింకేం పనికొత్తానే? కుండ దించలేను, బుట్ట మొయ్యలేను."

రమ్మని అడగాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. "నీ ఇష్టం" అని ఫోను పెట్టేశాను. తర్వాత గోడకు తల కొట్టుకోవాలనిపించింది. గోడ మెత్తన, కొట్టుకున్నా లాభం లేదు.

సాయంత్రం గది నేల మీద గోలీ పెట్టి చూశాను. గబగబా కుడివైపుకు దొర్లింది. అరిగిన ఎడమ కాలు పొట్టిదైపోతే, ఆ పక్కన నేల ఎత్తు చేసుకుని పెట్టింది ఇల్లు, ఏళ్ళ తరబడి. నేను కాలు ఈడ్చి ఈడ్చి ఆ వాలును అలాగే నిలబెట్టాను. కొత్త తుంటితో ఆమె ఇందులో అడుగుపెడితే మొదటి రోజే పడుతుంది. ఇంత కష్టపడి నేను కాపాడింది ఆమె పాత నొప్పిని. ఏడుపొచ్చింది, ఏడ్చాను. మర్నాటినుంచి కాలు ఈడవడం మానేశాను.

పునర్వసు కార్తె

ఈ వరుసలో కొత్త తుంటి ఉన్న మనిషి ఒక్కతే. లాంచీ సరంగు బుల్లెమ్మత్త. నాలుగిళ్ళ అవతల ఉంటుంది. చక్రాల్లేని నాలుగు కాళ్ళ ఊతకర్రతో టకటకా తిరుగుతుంది. నాకు ఆవిడతో మాటల్లేవు. ఒక వరద నడకలో ఆవిడ ఇల్లు నా ఆనపపాదు మీద కాలేసింది. కాసిన కాయ కాసినట్టే పచ్చడైంది. "ఇల్లు తొక్కితే నన్నంటావేం" అందావిడ. "ఇంటికి బుద్ధి చెప్పుకోలేనిదానివి లాంచీ ఎలా నడుపుతున్నావు" అన్నాను నేను. అంతే.

వాన వెలిశాక వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఏంటమ్మా, దారి తప్పేవా?"

"లేదత్తా. నీకోసమే వచ్చేను."

"నువ్వు నాతో మాట్టాడి ఎన్నేళ్ళయ్యిందో తెలుసా?"

"లెక్కెట్టలేదు."

"నేనెట్టేను. ఇంతకీ ఏం కావాలి?"

"నీ తుంటి కావాలి. కొన్నాళ్ళు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నేను అంతా చెప్పాను. ఇసుక బస్తాల దగ్గర పక్కున నవ్వింది. మెట్ల దగ్గర నవ్వు ఆపింది. చివరికి ఊతకర్ర అందుకుంది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఎర్రనీరు రేపో మాపో అనేదాకా కూచున్నావు. ఆనప్పాదు పోతే మళ్ళీ మొలుత్తది గాని, మనిషి పోతే మొలుత్తదా? పద. గుగ్గిళ్ళు మాత్రం మెత్తగా ఉడకబెట్టు, నాకు పళ్ళు లేవు."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే వచ్చి చీకటి పడేదాకా ఉంటోంది. గదిలో అటూ ఇటూ నడుస్తుంది, పడుకుంటుంది, లేస్తుంది, రేవులో ఎవరితో ఎలా పోట్లాడిందో చెబుతుంది. ఆ అడుగులకు ఇల్లు మొదట తికమకపడింది. తర్వాత నేల చదునైంది. మంచం పైకి లేచింది. గోడలోంచి చేతికి అందేలా పట్టుకొయ్య పొడుచుకొచ్చింది. వంటగది మెట్లు కరిగి, వంటగదే కిందికి దిగింది. ఇప్పుడు పొయ్యి దగ్గర ఉడికిపోతున్నాను. ఉడకనీ.

నా అడుగు ఆ నేల మీద పడకుండా నేను గుమ్మం బయటే కూర్చుంటున్నాను. రాత్రిళ్ళు గది ఖాళీ అనిపించకుండా అక్కడే చాప వేసుకుంటున్నాను. నా గదిలోకి వెళ్ళి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. బుల్లెమ్మత్త వెళ్ళిపోయాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది. మనిషి అలికిడి కాస్త రుచి చూశాక లేకుండా ఉండటం ఇంకా కష్టంగా ఉంది.

పుష్యమి కార్తె

ఎర్రనీరు వచ్చింది. ఈసారి వరద పెద్దదని, ఇళ్ళు దూరం నడవాలని, ఇంటికి వంటగదీ ఒక్క గదీ తప్ప మోయనివ్వమని మైకులో చెప్పారు. ఏ గది అన్నది ఇల్లే తేల్చుకుంటుంది. రేపు పొద్దున్నే కదలడం.

చీర మార్చుకుందామని నా గదికి వెళ్తే గుమ్మంలో పట్టలేదు. పక్కకు తిరిగి దూరాను. కిటికీ గీతలా మిగిలింది. ఇల్లు తేల్చేసుకుంది. దాని లెక్కలో ఈ ఇంట్లో బతుకుతున్న మనిషి కొత్త తుంటి ఉన్న మనిషే. నేను గుమ్మంలో పడుకునేదాన్ని.

బుల్లెమ్మత్త కంగారుపడింది.

"ఇంకా పొద్దుందే. ఎల్లి నీ గదిలో తిరుగు, గెంతు, దొర్లు. ఇల్లు మనసు మార్చుకుంటది. నేనిక్కడినుంచి ఎల్లిపోతాను."

"అప్పుడు అక్క గది పోద్ది కదత్తా."

"ఆవిడ వత్తానందా?"

"అనలేదు."

"రానిదాని కోసం ఉన్నది వదులుకుంటావేంటే? ఆవిడ రాకపోతే ఆ పట్టుకొయ్య పట్టుకుని నువ్వేం చేత్తావు?"

పెళ్ళయి వచ్చిన రోజునుంచీ ఉన్న గది అది. మా ఆయన కొట్టిన మేకు, కల్లు మరక, నా ఎత్తుకు సరిపోయిన కిటికీ, అన్నీ అక్కడే ఉన్నాయి. అందులో ఒక్కదాన్నే హాయిగా ఉండొచ్చు. ఆ ఒక్కదాన్నే అన్న మాట దగ్గరే నా ప్రాణం ఆగిపోయింది. కుట్టుమిషనూ బట్టల మూటా బయటికి ఈడ్చుకొచ్చి వంటగదిలో పెట్టాను. బుల్లెమ్మత్త తిరిగి గదిలోకి వెళ్ళి, ఊతకర్ర టకటకలాడిస్తూ, చీకటి పడేదాకా నడుస్తూనే ఉంది.

పుష్యమి కార్తె, మర్నాడు

కదిలాం. ఇల్లు ఎప్పటిలాగే ఊగుతూ కాళ్ళెత్తింది. నా గది కట్లు ఒకటొకటిగా ఊడాయి. పెద్ద చప్పుడేం లేదు. నీళ్ళలోకి ఒరిగి, కాసేపు తేలి, తిరిగింది. కిటికీ నావైపు ఉన్నంతసేపూ చూశాను. ముందు వెళ్తున్న బుల్లెమ్మత్త ఇంటి వసారాలోంచి ఆవిడ చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను.

ఆశ్లేష కార్తె

కొత్త మేట మీద కాళ్ళు దిగాయి. బురద ఇంకా ఆరలేదు. ఫోను కలవగానే నేనే చేశాను. వంకర మాటలు మాట్లాడకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను.

"అక్కా, నా గది గోదాట్లో కలిసిపోయింది. నీ గది ఉంది."

"ఓసినీ! అదేంటే, నువ్వుండగా నీ గది వదిలేత్తదా ఇల్లు? పాడైందా ఏంటి?"

"పాడవలేదు. నేనే వదులుకున్నాను."

అంతా చెప్పాను. ఇసుక, రొయ్యలు, మెట్లు, బుల్లెమ్మత్త. ఫోను తెగిందేమోనని రెండుసార్లు పిలిచాను.

"ఉన్నానే. మరి నువ్వెక్కడ పడుకుంటన్నావు?"

"వంటింట్లో. నా అడుగు పడితే నీ గది మళ్ళీ నా కొలతకు మారిపోద్దని."

"పొయ్యి పక్కనా? ఉక్కపోత్తే చచ్చిపోతానని గోలెట్టేదానివి, నువ్వా?"

"నేనే. అక్కా, కుండలు దించడానికి కాదు, బుట్టలు మొయ్యడానికి కాదు. నువ్వు లేకపోతే నాకు బతకడం రావట్లేదు. ఇంటికొచ్చెయ్యి."

చెప్పేశాను. గుమ్మం బయటినుంచే చెయ్యి చాపి ఆ గది పట్టుకొయ్య పట్టుకున్నాను. అవతల ఆవిడ ముక్కు చీదింది. తర్వాత, రోజూ పోట్లాడే గొంతుతోనే అడిగింది.

"ఆ గదిలో రెండు మంచాలు పడతాయా?"

"పట్టవేమో. కొలవలేదు."

"ఎయ్యి ముందు. ఇద్దరం మసిలితే ఇల్లే సర్దుకుంటది. మనిద్దరం సర్దుకోలేదూ?"

లాంచీ మళ్ళీ ఎప్పుడు తిరుగుతుందో బుల్లెమ్మత్తను అడగమంది. నేను చెప్పులైనా వేసుకోకుండా బురదలోకి దిగాను.